పలకల మీద బార్నకిల్స్ నిలవడం లేదు: లార్వాలు రావడం లేదా, వచ్చి పోతున్నాయా?

గుల్లలగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక జెట్టీ దగ్గర అనుమతి తీసుకుని, సముద్రపు అడుగున అతుక్కుని బతికే జీవుల లార్వాలు ఎప్పుడు, ఎంత వస్తాయో చూడటానికి పలకలు వేలాడదీశాం. బూడిదరంగు పీవీసీ పలకలు, 15 సెం.మీ. చదరం, 3 మి.మీ. మందం, మొత్తం ఎనిమిది. పైనా కిందా చిల్లులు పెట్టి నైలాన్ తాడుతో నిలువుగా కట్టాం, కింద బరువుకు ఇటుక. తాడు పైకొస జెట్టీ రెయిలింగుకు కట్టి ఉంది. పోటు మీద పలక రెండు మీటర్ల లోతున ఉంటుంది, ఆటుకి అర మీటరు లోతుకు వచ్చేస్తుంది. నెలకోసారి పైకి లాగి, కుళాయి నీళ్లతో కడిగి, లెక్కపెడుతున్నాం.

జనవరి నుంచి మూడు నెలలు చూస్తే ఒక్కో పలక మీద ఆరేడు బార్నకిల్స్‌కు (రాళ్లకూ స్తంభాలకూ అతుక్కుని బతికే చిన్న గుల్లజీవులు) మించి లేవు. మిగతాదంతా పాచి, బురద, గడ్డి పరకల్లా హైడ్రాయిడ్లు, మెత్తటి అసిడియన్ ముద్దలు. మీటరు దూరంలో ఉన్న కాంక్రీటు స్తంభం మీద చూస్తే బార్నకిల్స్, ఆల్చిప్పలు, పచ్చ మస్సెల్స్ వేలు పెట్టే సందు లేకుండా ఉన్నాయి. 100 మైక్రాన్ల ప్లాంక్టన్ వల పగటిపూట రెండుసార్లు లాగితే బార్నకిల్ నాప్లియస్‌లు (తొలి దశ లార్వాలు) బోలెడు పడ్డాయి.

అడగాలనుకున్నవి రెండు. లార్వాలు పలక దాకా రావడం లేదా, వచ్చి నచ్చక వెళ్లిపోతున్నాయా, అతుక్కున్నాక చస్తున్నాయా? ఈ మూడింటినీ విడదీసి చూసే పద్ధతి ఏమిటి? రెండోది, పలకల్ని ముందుగా సముద్రపు నీటిలో నానబెట్టి బ్యాక్టీరియా జిగురుపొర పట్టించాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏది సరి?

ఆటుపోటు (జవాబు)

గుల్లలగట్టు గారూ, ముందు ఆ కడగడం ఆపేయండి. కుళాయి నీళ్లు తగిలితే నిన్నా మొన్నా అతుక్కున్న మెత్తటి పిల్లజీవులు చస్తాయి, ధారకు కొట్టుకుపోతాయి. పలకను అదే చోటి సముద్రపు నీళ్లున్న బకెట్లో మునిగి ఉండగానే తీసుకెళ్లి, వెడల్పు ట్రేలో అవే నీళ్లలో ఉంచి చూడాలి. పైన పేరుకున్న బురదను డ్రాపర్‌తో నీళ్లు మెల్లగా చిమ్మి తొలగించండి. గాలికి ఆరిన పలకను లెక్కపెట్టి లాభం లేదు.

ఇక అసలు విషయం. నెల తర్వాత మీకు పలక మీద కనిపించేవి బతికి బట్టకట్టినవి మాత్రమే. ఎన్ని వచ్చాయో ఆ అంకె చెప్పదు. 1982లో కీఓ, డౌన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ తేడానే విడమరిచి చెప్పారు. లార్వా అడుగు మీద దిగి శాశ్వతంగా అతుక్కోవడం సెటిల్‌మెంట్. అలా అతుక్కున్నది మనం వచ్చి లెక్కపెట్టే రోజుదాకా బతికి ఉంటే రిక్రూట్‌మెంట్. రెండింటి మధ్యా గడిచిన కాలంలో చావులన్నీ దాగి ఉంటాయి. అడుగు జీవుల్లో ఈ పసి దశ చావులు మామూలుగా ఉండవు, చాలా జాతుల్లో నూటికి తొంభై దాటతాయి. అందులోనూ పెద్ద వాటా మొదటి కొద్ది రోజుల్లోనే పోతుంది. మీ ఆరేడు బార్నకిల్స్ వెనక పది వచ్చి ఉండొచ్చు, ఐదు వందలు వచ్చి ఉండొచ్చు. నెలకోసారి చూస్తే ఈ రెంటికీ తేడా తెలియదు.

వల్లో నాప్లియస్‌లు పడ్డాయని ధీమా పడకండి. బార్నకిల్ లార్వాకు ఆరు నాప్లియస్ దశలు ఉంటాయి, ఆ తర్వాత సైప్రిడ్. అతుక్కునేది సైప్రిడ్ ఒక్కటే. నాప్లియస్‌లు దండిగా ఉన్నాయంటే దగ్గర్లో తల్లులు పిల్లల్ని వదులుతున్నాయని అర్థం, అంతే. అవి పెరిగి సైప్రిడ్ అయ్యేలోగా ప్రవాహం ఎటు తీసుకుపోతుందో వేరే సంగతి. మీ నమూనా సీసాలు దాచి ఉంటే మళ్లీ తీసి సైప్రిడ్‌లను మాత్రమే లెక్కపెట్టండి. అర మిల్లీమీటరు పొడవు, రెండు చిప్పల మధ్య ఇమిడిన పడవ ఆకారం, లోపల నూనె చుక్కలు మెరుస్తుంటాయి. ఒకసారి చూస్తే ఇక మరిచిపోరు. వల కూడా పగలు పైనీటిలో లాగితే చాలదు. పలక ఉన్న లోతు నుంచి పంపుతో 500 లీటర్లు తోడి, 100 మైక్రాన్ల జల్లెడలో వడకట్టండి. పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి, రాత్రి కూడా కనీసం ఒకసారి.

పలకల పని ఇలా మార్చి చూడండి. ఒకే చోట, ఒకే లోతున నాలుగు రకాలు పెట్టాలి: ఒక్క రోజుకు తీసేవి, మూడు రోజులవి, వారానివి, నెలవి. ఒక్కో రకానికి కనీసం ఐదు పలకలు. రోజువారీ పలకను తీసిన వెంటనే ఆ స్థానంలో కొత్తది పెట్టాలి. నెలాఖరుకు రోజువారీ పలకల మొత్తాన్ని నెల పలక మీద మిగిలిన అంకెతో పోల్చండి. రోజువారీ మొత్తం 300 ఉండి నెల పలక మీద 7 ఉంటే అతుక్కున్నాక పోతున్నాయని తేలినట్టే. రోజువారీ మొత్తమే 10 అయితే, సైప్రిడ్‌లు నీటిలో లేవో, పలక వాటికి నచ్చలేదో చూడాలి. అప్పుడు పంపు నమూనా అక్కరకొస్తుంది.

దీనికీ ఒక లోపం ఉంది. రోజువారీ పలక ఎప్పుడూ కొత్తదే, దాని మీద జిగురుపొర సరిగా ఉండదు, తోటి బార్నకిల్స్ ఉండవు. నెల పలక మీద రెండూ ఉంటాయి. కాబట్టి రెండింటికీ వచ్చేవి సరిగ్గా సమానం అనుకోలేం. మూడు రోజులవి, వారంవి మధ్యలో పెట్టమన్నది అందుకే. ఎక్కడ గీత పడిపోతోందో వాటితో తెలుస్తుంది.

వేలాడదీసే తీరు కూడా మార్చాలి. రెయిలింగుకు కట్టిన తాడు అంటే లోతు గంటగంటకూ మారుతుంది. పున్నమి, అమావాస్య రోజుల్లో విశాఖలో ఆటుకూ పోటుకూ తేడా మీటరున్నర దగ్గరికి వస్తుంది. నునుపు పలక, ఊగే ఇటుక, పక్కనే గుల్లలు పట్టిన స్తంభం, అలల తాకిడి: పలక స్తంభానికి రాసుకుంటూ ఉండి ఉంటుంది. ఒక అంచు మిగతా వాటికంటే శుభ్రంగా ఉందేమో చూడండి, ఉంటే అదే కారణం. తేలే పాంటూన్ అందుబాటులో ఉంటే దానికి పీవీసీ గొట్టాలతో చట్రం బిగించి, పలకల్ని కేబుల్ టైలతో నాలుగు మూలలా కట్టండి. అప్పుడు నీటిమట్టం నుంచి లోతు మారదు. ఇనుప తీగ వాడొద్దు, తుప్పు కారి పలక మీద పడుతుంది. రాగి, ఇత్తడి అసలే వద్దు. రాగి లార్వాలకు విషం, పడవల అడుగుకు వేసే రంగుల్లో దాన్ని కలిపేదే అందుకు.

కొత్త పీవీసీని 80 నంబరు గరుకు కాగితంతో రెండు వైపులా రుద్ది, పారే సముద్రపు నీటిలో వారం పది రోజులు ఉంచి, పట్టిన పొరను గీకేసి, అప్పుడు లెక్కకు పెట్టండి. కొత్త ప్లాస్టిక్‌లోంచి ఊరే రసాయనాలు కొంత పోతాయి. లెక్కలో అంచు నుంచి సెంటీమీటరున్నర వదిలేయండి. అంచుల దగ్గర నీటి సుడి వేరు, అక్కడ ఎప్పుడూ ఎక్కువ పడతాయి. మధ్యలో 12 సెం.మీ. చదరం, అంటే 144 చదరపు సెం.మీ. మిగులుతుంది. అంకెను 100 చదరపు సెం.మీ.కు, రోజుకు ఇన్ని అని రాసుకుంటే ఇతరుల లెక్కలతో పోల్చుకోవచ్చు.

నూనెచుక్క (జవాబు)

ఆటుపోటు గారు చెప్పినదానికి, సైప్రిడ్ ఎలా ఎంచుకుంటుందో చేరుస్తాను. మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

సైప్రిడ్ తిండి తినదు. నాప్లియస్‌గా ఉన్నప్పుడు దాచుకున్న నూనె కరిగేలోగా చోటు వెతుక్కోవాలి. ఉపరితలం తగలగానే ముందున్న రెండు స్పర్శాంగాల మీద నిలబడి నడుస్తుంది. గాజు గిన్నె కింది నుంచి సూక్ష్మదర్శినిలో చూస్తే కొయ్యకాళ్ల మీద నడిచేవాడిలా ఒక్కో అడుగూ వేసి, ఎత్తి, మళ్లీ వేయడం కనిపిస్తుంది. ఆ స్పర్శాంగాల చివర చిన్న చక్రం లాంటి మెత్త ఉంటుంది. ప్రతి అడుగుకూ అందులోంచి కాస్త ప్రొటీను అక్కడ అంటుకుని మిగులుతుంది. తర్వాత వచ్చే సైప్రిడ్‌లు ఆ అడుగుజాడల్ని పసిగడతాయి. చోటు నచ్చకపోతే వదిలి ఈదుకుంటూ పోతుంది. నచ్చితే అక్కడక్కడే గుండ్రంగా తిరిగి, ఒక చోట ఆగి, సిమెంటు గ్రంథుల రసం వదులుతుంది. ఆ క్షణం తర్వాత ఇక వెనక్కి పోలేదు. దాదాపు ఒక రోజులో చిప్పల తొడుగు విడిచి గుండుసూది తలంత బార్నకిల్ అవుతుంది.

పెద్ద బార్నకిల్స్ చర్మంలోనూ గుల్లలోనూ ఉండే ఒక గ్లైకోప్రొటీన్ సైప్రిడ్‌లను గట్టిగా పిలుస్తుంది. సైప్రిడ్ అడుగుజాడల్లో ఉండేదీ దాదాపు అదే. మీ స్తంభం మీద కిక్కిరిసి ఉండి పక్కనే ఉన్న పలక బోసిగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఉన్నచోటికే ఇంకా వస్తాయి. నైట్‌జోన్స్ అనే పరిశోధకుడు 1950లలోనే బార్నకిల్స్ మీద చూపించిన సంగతి ఇది. అదీ కాక స్తంభం మీద ఉన్నవి ఏళ్ల తరబడి పోగుపడినవి, మీ పలక వయసు నెలలే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పోల్చాలంటే స్తంభం మీద 15 సెం.మీ. చదరం గీకి శుభ్రం చేసి, పలకతో పాటే అదే రోజు మొదలుపెట్టండి.

జిగురుపొర సంగతి. ఒకే జవాబు అన్ని జాతులకూ కుదరదు, అందుకే మీకు రెండు మాటలు వినిపించాయి. హైడ్రాయిడెస్ ఎలిగాన్స్ అనే గొట్టపు పురుగు ఉంది, తెల్లటి సున్నపు గొట్టాలు అల్లుకుంటుంది, మన హార్బరు నీళ్లలో పలకల మీద బాగా కనిపిస్తుంది. దాని లార్వా బ్యాక్టీరియా పొర లేని శుభ్రమైన ఉపరితలం మీద దాదాపు దిగదు. హవాయిలో హాడ్‌ఫీల్డ్ బృందం దీని మీద దశాబ్దాలు పనిచేసింది. సూడోఆల్టెరోమోనాస్ జాతి బ్యాక్టీరియా ఒకటి తయారుచేసే, సిరంజిలా పొడిచే ప్రొటీను గొట్టాల గుత్తులే ఈ పురుగు రూపం మారడానికి మీట నొక్కుతాయని 2014లో చూపించారు. పగడపు లార్వాలు సున్నపు ఎర్రనాచు పొరలను వెతుక్కుంటాయి. బార్నకిల్ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. ఆంఫిబలానస్ ఆంఫిట్రైట్ అనే బార్నకిల్ జాతి సైప్రిడ్‌లను కొన్ని బ్యాక్టీరియా పొరలు పిలుస్తాయి, చాలా పొరలు వెనక్కి నెడతాయి. పొర ఎన్ని రోజులది, ఏ నీటిలో పెరిగింది అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

కాబట్టి ఆటుపోటు గారితో ఒక్క చోట విభేదిస్తాను. నానబెట్టాక పొర గీకేసి పెట్టమన్నారు. గొట్టపు పురుగులు, బ్రయోజోవన్లు (నాచులా గుంపులుగా పెరిగే చిన్న జీవులు) కూడా మీ లెక్కలో ఉంటే సగం పలకల్ని గీకకుండా, ఏడు రోజుల పొరతో పెట్టండి. ఆ పొర పట్టించేటప్పుడు 1 మైక్రాన్ వడపోసిన సముద్రపు నీటినే వాడాలి, రెండు రోజులకోసారి మార్చాలి. నేరుగా సముద్రంలో నానబెడితే ఆ వారంలోనే లార్వాలు వచ్చి అతుక్కుంటాయి, మీ మొదటి రోజు లెక్క పాడవుతుంది.

పలక నిలువుగా కట్టడం కూడా చూసుకోండి. అసిడియన్, బ్రయోజోవన్ లార్వాలు చాలావరకు నీడ పట్టుకు పోతాయి. పలకను పడుకోబెట్టి కడితే కింది ముఖం మీద బురద నిలవదు, పైముఖం మీద బురద, నాచు చేరతాయి. రెండు ముఖాలనూ విడివిడిగా లెక్కపెడితే బురద వల్ల ఎంత పోతోందో చేతికి చిక్కుతుంది.

గెడ్డనీరు (జవాబు)

లార్వాల సంగతి ఇద్దరూ చెప్పారు. నీటి సంగతి చెప్తాను, ఎందుకంటే విశాఖలో నెలను బట్టి నీరే మారిపోతుంది.

ఫిబ్రవరి నుంచి మే దాకా తీర ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది, నీటిలో ఉప్పు ఎక్కువ. మార్చి, ఏప్రిల్‌లో అడుగునీరు పైకి తేలడం కూడా ఉంటుంది. 1950లలో లఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండి ఈ తీరం మీద చేసిన పని చదివితే బాగా అర్థమవుతుంది. అక్టోబరు నుంచి ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, ఒడిశా, బెంగాలు నదుల మంచినీటితో పలచబడ్డ పైనీరు మన ముందునుంచి దిగుతుంది. నీటిలో వారాల తరబడి తేలే లార్వాల దారి ఈ ప్రవాహాన్ని బట్టే. పచ్చ మస్సెల్ లార్వా రెండు మూడు వారాలు నీటిలోనే ఉంటుంది, అది పుట్టిన చోటు మీ జెట్టీకి ఎంతో దూరం కావచ్చు. బ్రయోజోవన్ బుగులా లార్వా బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే దిగుతుంది, దాని తల్లి మీ స్తంభం మీదే ఉంటుంది. ఒకే పలక మీద ఈ రెండూ ఉన్నా వాటి రాకకు కారణాలు వేరు, మొత్తం అన్నింటినీ ఒకే గ్రాఫు కింద గీస్తే ఏమీ తెలియదు. జాతుల వారీగా గీయండి.

జెట్టీ లోపలి హార్బరు వైపు ఉందా, బయట వైపు ఉందా అన్నది మీరు రాయలేదు. లోపల అయితే మేఘాద్రి గెడ్డ నీరు కలుస్తుంది, మురుగు కలుస్తుంది, సన్న బురద ఎక్కువ, నీరు మారడం నెమ్మది. పెద్ద వానకు మంచినీరు పైన తేలి ఒక పొరలా నిలుస్తుంది. మీ పలక ఆటుకి అర మీటరు లోతుకు వస్తుందన్నారు కదా, సరిగ్గా ఆ పొరలోకి వచ్చి ఉంటుంది. రెఫ్రాక్టోమీటరుతో పైనీటిలో, పలక లోతున, అడుగున మూడు చోట్లా ఉప్పదనం రాసుకోండి. వాన పడిన మర్నాడు తప్పకుండా. బాటిల్ దించేటప్పుడు మూత లోతులోనే తెరవాలి, పైనుంచి తెరిచి దించితే పైనీరే నిండుతుంది, ఈ పొరపాటు చాలా మంది చేస్తారు.

బురద విషయం తక్కువగా చూడకండి. కొత్తగా అతుక్కున్న బార్నకిల్ ఎత్తు మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్క రోజులో అర మిల్లీమీటరు బురద కూర్చుంటే దాని నోరు మూసుకుపోతుంది. పలక పక్కన ఒక పొడవాటి పీవీసీ గొట్టం, వెడల్పుకు ఐదు రెట్లు ఎత్తు ఉండేలా, అడుగు మూసి నిలబెట్టి కట్టండి. వారానికోసారి అందులో పడిన బురదను వడకట్టి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూకం వేయండి. పలక మీద చావులు ఏ వారం పెరిగాయో, బురద ఏ వారం పెరిగిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

లోపలి హార్బరైతే ఇంకో జాగ్రత్త. చిన్న చిన్న మస్సెల్స్ గుత్తులుగా కనిపిస్తే అన్నీ పచ్చ మస్సెల్ పిల్లలని రాసేయకండి. మైటిలోప్సిస్ సల్లేయి అనే జాతి కరేబియన్ వైపు నుంచి వచ్చి 1967లో విశాఖ హార్బరులో బయటపడింది. మన దేశంలో దాని చరిత్ర మొదలైందే ఇక్కడ. ఉప్పు తగ్గినా, మురుగు ఉన్నా తట్టుకుంటుంది, మిగతావాటిని తోసేసి పలక మొత్తం కమ్మేస్తుంది. గుర్తు పట్టడం తేలిక. ఒక చిప్పను విడదీసి, ముక్కు కొస లోపల చూడండి. అక్కడ చిన్న అలమర అరలా అడ్డుపలక ఉంటే మైటిలోప్సిస్. పచ్చ మస్సెల్‌కు ఆ అర ఉండదు.

మన హార్బరులో పలకల పని కొత్తది కాదు. 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి గారి బృందం ఇక్కడ ఈ జీవుల మీద పనిచేసి అచ్చువేసింది. విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో అడిగి చదవండి. అప్పటి జాతుల జాబితాను మీదానితో పోలిస్తే ఈ డెబ్బై ఏళ్లలో ఏం మారిందో కళ్లకు కడుతుంది. ఆ పోలిక ఒక్కటే మీ ప్రాజెక్టుకు పెద్ద బలం.

గుల్లలగట్టు (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ చాలా కృతజ్ఞతలండీ. జెట్టీ లోపలి వైపే. కడగకుండా ఒక పలకను ట్రేలో పెట్టి 20 రెట్ల పెద్దదిగా చూశాను. బార్నకిల్స్ ఉన్న చోట్లే కాక, ఖాళీ అనుకున్న చోట సున్నంతో గీసినట్టు తెల్లటి సన్నని వలయాలు 40 దాకా ఉన్నాయి, ఒకటి నుంచి మూడు మి.మీ. వెడల్పు. అవి కాక లోపల ఏమీ లేని పూర్తి గుల్లలు 11. నీటిలో సైప్రిడ్‌లు ఉన్నాయో లేవో తేలేలోపు పలక వాటికి నచ్చుతుందో లేదో ల్యాబులో పరీక్షించే వీలుందా?

నూనెచుక్క

ఆ వలయాలు మీకు దొరికిన గొప్ప ఆధారం. ఆంఫిట్రైట్‌కు అడుగు పలక సున్నపుది. గుల్లను ఎవరో పెరికేసినా ఆ అడుగు ముద్ర మిగిలిపోతుంది. అంటే వచ్చాయి, అతుక్కున్నాయి, గుల్ల కట్టాయి, ఆ తర్వాత చేపో పీతో గీకి తినేసింది, లేక పలక స్తంభానికి రాసుకుని ఊడిపోయింది. రాపిడి అయితే వలయాలు ఒక అంచు వైపు, గీతలతో పాటు ఉంటాయి. తిన్నవైతే పలకంతా చెదురుగా ఉంటాయి. పూర్తి గుల్ల నిలబడి లోపల ఖాళీగా ఉన్నవి వేరే చావు: బురదకు ఊపిరాడక కానీ, మంచినీటికి కానీ, లోపలికి దూరి తినే చదును పురుగుల వల్ల కానీ. చదును పురుగు స్టైలోకస్ లాంటిది ఖాళీ గుల్ల లోపల ముడుచుకుని దాక్కుని ఉంటుంది, సూదితో తెరిచి చూడండి. ఇంకా గుల్ల కట్టకముందే, మొదటి రెండు మూడు రోజుల్లో పోయినవి ఏ ముద్రా వదలవు. వాటిని రోజువారీ పలకలే పట్టిస్తాయి.

ల్యాబు పరీక్షకు స్తంభం మీది ఆంఫిట్రైట్ పెద్దవి 20, 30 చాలు. తెల్లటి గుల్ల మీద ఊదారంగు నిలువు చారలు ఉంటాయి. అడ్డచారలు కూడా కలిసి వలలా ఉంటే అది రెటిక్యులేటస్ అనే వేరే జాతి, కలపకండి. చిన్న ఉలితో అడుగు పగలకుండా తీయండి. తడి గుడ్డ లేకుండా నీడలో రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున వడపోసిన సముద్రపు నీటిలో ముంచండి. గంట రెండు గంటల్లో నాప్లియస్‌లను వదులుతాయి. గిన్నెకు ఒక పక్క చిన్న టార్చి పెడితే అన్నీ వెలుగు వైపు గుమిగూడతాయి, డ్రాపర్‌తో తీసుకోండి. వెలుగుకు రానివి బలహీనమైనవి, వదిలేయండి.

మిల్లీలీటరుకు ఒకటికి మించకుండా రెండు లీటర్ల బీకరులో, 27, 28 డిగ్రీల వేడిమిలో, సన్నని గాలి బుడగలతో పెంచాలి. మేత కీటోసెరాస్, మిల్లీలీటరుకు సుమారు 2 లక్షల కణాలు. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో ఈ ఆల్గే ఎప్పుడూ పెంచుతుంటారు, ఒక సీసా అడిగి తెచ్చుకోవచ్చు. కానీ ట్యాంకులో యాంటీబయాటిక్ వేశారేమో తప్పక అడగండి. జిగురుపొర బ్యాక్టీరియాను అది చంపేస్తే మీ పరీక్ష అర్థం మారిపోతుంది. నీరు రోజు విడిచి రోజు మార్చండి. ఐదారు రోజులకు సైప్రిడ్‌లు వస్తాయి. సైప్రిడ్‌లు నీటి పైపొరకు తగులుకుని తేలిపోతే మళ్లీ కిందికి దిగలేవు. సెటైల్ ఆల్కహాల్ చిటికెడు పొడి పైన చల్లితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

సైప్రిడ్‌లను ఏరి 5, 6 డిగ్రీల ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచొచ్చు, అన్నిటి వయసూ ఒకటే ఉండాలి. వయసు పెరిగి నూనె తగ్గేకొద్దీ దొరికిన చోటల్లా అతుక్కుంటాయి, అప్పుడు మంచి ఉపరితలానికీ చెడ్డదానికీ తేడా కనిపించదు. మీ పలకల పీవీసీనే చిన్న బిళ్లలుగా కోసి ప్లాస్టిక్ గుంటల పళ్లెంలో పెట్టండి: శుభ్రమైనది, ఏడు రోజుల పొర పట్టినది, బార్నకిల్ నూరి వడపోసిన రసంలో ముంచి కడిగినది. ఒక్కో రకానికి ఆరు గుంటలు, గుంటకు 20 సైప్రిడ్‌లు, చీకట్లో. 24 గంటలకు, 48 గంటలకు లెక్క. అతుక్కున్నదా, ఊరికే ఆగిందా అన్న అనుమానం ఉంటే సన్నని సూదితో మెల్లగా తాకండి, కదిలి పోతే ఇంకా అతుక్కోలేదు. చచ్చినవాటిని వేరే గడిలో రాయండి. రసం ముంచినదాని మీద కూడా దిగకపోతే తప్పు పలకది కాదు, ఆ బ్యాచ్ సైప్రిడ్‌లే పనికిరావు, ఆ లెక్క పక్కన పెట్టేయండి.

ఆటుపోటు

40 వలయాలు, 11 ఖాళీ గుల్లలు, బతికినవి ఆరేడు. ఒక్క పలకలోనే ఇంత తేలింది కదా, ఇక పంజరాలు పెట్టాల్సిందే. 5 మి.మీ. రంధ్రాల ప్లాస్టిక్ జాలితో పలక చుట్టూ పెట్టె కట్టండి. జాలి పలకకు 5 సెం.మీ. దూరంలో ఉండాలి, దగ్గరైతే నీరు ఆడదు. పంజరం ఉన్నవి ఐదు, లేనివి ఐదు, రెండు పక్కలు తెరిచి ఉంచిన సగం పంజరాలు ఐదు. సగం పంజరం దేనికంటే, జాలి వల్ల నీడ పడుతుంది, నీరు నెమ్మదిస్తుంది, బురద నిలుస్తుంది. చేపల్ని ఆపడం వల్ల వచ్చిన తేడా ఏదో, ఈ నీడా నీటి వల్ల వచ్చిన తేడా ఏదో అది లేకుండా విడదీయలేరు. జాలిని మూడు రోజులకోసారి నీటిలోనే మెత్తటి బ్రష్షుతో రుద్దండి. పాచి పట్టిన జాలి నాలుగో రోజుకే గోడ అవుతుంది.

ప్రతి పలకనూ ఒకే ఎత్తు నుంచి, ఒకే వైపు వెలుగుతో, నీటిలో ఉండగా ఫొటో తీసి, దాని మీద గళ్ల పారదర్శక కాగితం వేసి ఒక్కో జీవికి చుక్క పెట్టండి. మూడు రోజులకోసారి ఇదే చేస్తే ఏ చుక్క ఎప్పుడు మాయమైందో తెలుస్తుంది. మాయమైన చోట వలయం ఉందా, ఖాళీ గుల్ల ఉందా, పైకి పాకిన అసిడియన్ ఉందా అన్నది పక్కన రాయండి. అసిడియన్ ముద్దను ఊరికే పీకకండి, కింద చచ్చిన బార్నకిల్ ఉంటే అదే మీ ఆధారం.

దాచుకోవాల్సిన నమూనాలను 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. బోరాక్స్ కలపని ఫార్మలిన్ నాళ్లు గడిచేకొద్దీ ఆమ్లమై చిన్న పిల్లల సున్నపు గుల్లలను కరిగించేస్తుంది, తర్వాత జాతి గుర్తుపట్టలేరు. పలక నంబరు మార్కరుతో రాయకండి, నెలలో జీవులు కప్పేస్తాయి. పైఅంచున రంపంతో గాట్లు పెట్టండి, పైభాగం ఏదో తెలిసేలా ఒక మూల కోసేయండి. చీకట్లో తడుముకున్నా అవి వేలికి తగులుతాయి.